కప్పు విప్పిన నలుగురు

మార్కు సువార్త 2వ అధ్యాయంలో కపెర్నహూములోని పక్షవాయువు రోగి స్వస్థత 12 వచనాల్లో ముగిసిపోతుంది. సండే స్కూలు పిల్లలు కూడా ఈ కథను వరస తప్పకుండా చెప్పగలరు. యేసు ఇంట్లో ఉన్నాడని తెలిసి జనం వాకిలి దాకా నిండిపోవడం, నలుగురు ఒక రోగిని మోసుకురావడం, లోపలికి దారి దొరక్క కప్పు విప్పి అతణ్ణి కిందికి దింపడం, అతడు లేచి పడకను చంకన పెట్టుకుని నడిచిపోవడం అందరికీ తెలిసినవే. ఇంతగా నోటికి వచ్చిన కథ కనుకనే అందులోని ఒక మాట చదువరి కంటికి ఆనకుండా పోతోంది. 5వ వచనం “యేసు వారి విశ్వాసము చూచి” అంటుంది. తెలుగులో “వాని” అనడానికీ “వారి” అనడానికీ తేడా ఒక్క అక్షరమే. గ్రీకు మూలంలో కూడా ఇది బహువచనమే. ఈ ఒక్క అక్షరాన్ని సరిగా చదవకపోవడం వల్ల మంచం పట్టిన విశ్వాసులు పడుతున్న బాధ చిన్నది కాదు.

తిరుపతిలోనో చిత్తూరులోనో, వాటి చుట్టుపక్కల పల్లెల్లోనో పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న క్రైస్తవ కుటుంబంలోకి వెళ్లి చూస్తే ఈ విషయం అర్థమవుతుంది. నులక మంచం మీద ఒక పెద్దావిడ పడుకుని ఉంటుంది. కుడి చేయి చచ్చుబడి ఉంటుంది, మూతి ఒక పక్కకు లాగి ఉంటుంది. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నప్పుడు చాలామందికి శరీరం కుడి సగంతో పాటు మాట కూడా పోతుంది. మనసులో ఉన్నది పెదవుల దాకా వస్తుంది, మాటగా మాత్రం బయటికి రాదు. ప్రార్థనకు వచ్చినవారు ఆమె తల మీద చేయి వేసి, “విశ్వసిస్తున్నావా అమ్మా? నోరు తెరిచి చెప్పు, చెబితేనే దేవుడు కార్యం చేస్తాడు” అని అడుగుతారు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వారాలు గడిచినా ఆమె లేవకపోతే, “విశ్వాసం చాలలేదు” అనే మాట వాకిట్లోనే, ఆమె చెవిన పడేలాగే వినిపిస్తుంది. అలా అనేవారికి ఆమె మీద ద్వేషం ఏమీ ఉండదు, పైగా ఉపవాసం ఉండి ప్రార్థించి వచ్చినవారే అయి ఉంటారు. అయినా రోగిని ఇలా పరీక్షకు పెట్టడానికి ఈ వాక్యభాగంలో ఏ ఆధారమూ లేదు. మార్కు కథలోని రోగి మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట కూడా మాట్లాడడు. విశ్వసిస్తున్నానని ఒప్పుకోడు, స్వస్థపరచమని వేడుకోడు, లేచాక కూడా అతడు ఏమన్నాడో సువార్తికుడు రాయలేదు. యేసు కూడా అతణ్ణి ఏమీ అడగలేదు.

ఆయన చూసినది ఏమిటో తెలుసుకోవాలంటే ఆ ఇంటి కప్పు ఎలాంటిదో తెలియాలి. గలిలయ సముద్రపు వాయవ్య తీరాన ఉన్న కపెర్నహూములో 1968 నుంచి జరిగిన తవ్వకాల్లో, మొదటి శతాబ్దం నాటి ఇళ్ల గోడలు బయటపడ్డాయి. నల్లరాతి బండలను పేర్చి కట్టిన గోడలు అవి. వాటి మీద దూలాలు పరచి, కొమ్మా రెమ్మా రెల్లూ వేసి, పైన మట్టిని మెత్తి గట్టిపరచేవారు. రాయలసీమలో పాత మట్టి మిద్దెలు ఎరిగినవారికి ఇది వేరే దేశపు ఇల్లుగా అనిపించదు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కంపో ఆకో పరచి చౌడు మన్ను తొక్కిన మిద్దె మీద గునపం పడితే ఏమవుతుందో ఇక్కడి పెద్దలను అడిగితే చెబుతారు. గ్రీకులో మార్కు వాడిన క్రియకు “తవ్వి” అనే అర్థం ఉంది. తెలుగు బైబిలు “ఇంటి కప్పు విప్పి, సందుచేసి” అంటుంది. లూకా మాత్రం “పెంకులు విప్పి” అని రాశాడు, తన పాఠకులు ఎరిగిన ఇంటి కప్పును బట్టి అలా చెప్పి ఉంటాడని వ్యాఖ్యాతలు చాలామంది భావిస్తారు. మిద్దె అయినా పెంకుటిల్లు అయినా, ఒక మనిషి పడుకున్నవాడు పడుకున్నట్టే దిగేంత సందు చేయాలంటే అది చిన్న పని కాదు. కింద కూర్చున్నవారి నెత్తి మీద మన్ను రాలుతుంది, దుమ్ముకు దగ్గు వస్తుంది, బోధ ఆగిపోతుంది, ఇంటివారు లబోదిబోమంటారు. పైన ఉన్నవారు ఇవన్నీ తెలిసే తవ్వారు.

యేసు “చూచి” అన్నది దీన్నే. విశ్వాసం హృదయంలో ఉంటుందని, దాన్ని దేవుడొక్కడే ఎరుగునని తరచూ వినిపించే మాటలో నిజం లేకపోలేదు. అయితే ఈ వచనంలోని విశ్వాసం కంటికి కనబడింది. మట్టి కొట్టుకున్న చేతులుగా, చెమటగా, ఇంటి కప్పులో వెలుగు పడే రంధ్రంగా కనబడింది. మొదటి అధ్యాయంలోనే యేసు కపెర్నహూములో అనేకులను స్వస్థపరచాడు, ఆ సంగతి ఊరంతా తెలుసు. ఆయన చేయగలడని నమ్మినవారు ఆ గుంపులో వందమంది ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి ఒక నడవలేని మనిషి పడక నాలుగు కొసల దగ్గర పెట్టినవారు మాత్రం నలుగురే.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పక్కన పెట్టకూడదు. “వారి” అనే మాటలో రోగి కూడా చేరి ఉండవచ్చు కదా, ఇష్టం లేనివాణ్ణి మిద్దె మీదికి ఎక్కించగలరా అని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో బలం ఉంది. ఆ నలుగురి చేతుల్లో తన ప్రాణాన్ని పెట్టి, గాలిలో వేలాడుతూ దిగడానికి ఒప్పుకున్నవాడికి విశ్వాసం అసలే లేదనడం న్యాయం కాదు. మార్కు 5వ అధ్యాయంలో రక్తస్రావం గల స్త్రీతో, 10వ అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయితో యేసు వారి సొంత విశ్వాసాన్నే ఎత్తి చెప్పిన మాట కూడా వాస్తవం. అయితే రోగిని లెక్కలో చేర్చుకున్నా మిగతా నలుగురు లెక్కలోంచి పోరు. ఆయన చూసినది ఐదుగురి విశ్వాసం అనుకున్నా, అందులో రోగి వంతు ఎంత, మోసినవారి వంతు ఎంత అని ఆయన విడదీయలేదు. నజరేతులో అవిశ్వాసం వల్ల అద్భుతాలు ఎక్కువగా జరగలేదని 6వ అధ్యాయం చెప్పే మాటను రోగుల మీదికి తిప్పేవారు కూడా ఆ భాగాన్ని మళ్లీ చదవాలి. అక్కడ అభ్యంతరపడినది మంచాన పడ్డవారు కాదు, ఈయన వడ్లవాడు కదా అని మాట్లాడుకున్న ఆరోగ్యవంతులైన ఊరివారు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం రోగికి అప్పగించిన పని ఒక్కటే, సంఘపు పెద్దలను పిలిపించుకోవడం. నూనె రాసేది పెద్దలు, విశ్వాసంతో ప్రార్థించేది పెద్దలు. స్వస్థత రాని పక్షంలో విశ్వాసం సంగతి ఎవరైనా తమను తాము పరీక్షించుకోవలసి వస్తే, ఆ వాక్యం ప్రకారం ముందుగా పరీక్షించుకోవలసింది మంచం పక్కన నిలబడినవారే.

ఇక వాకిలి సంగతి. రోగిని ఆపినది శత్రువులు కాదు, వాక్యం వినడానికి వచ్చిన జనం. వారి ఆసక్తిని తప్పుపట్టలేము, కానీ వారు నిలబడిన చోటే రోగికి దారి లేకుండా పోయింది. లోపల శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులు, “కూర్చుండి” ఉన్నారని మార్కు ప్రత్యేకంగా చెబుతాడు. చోటు లేని ఇంట్లో కూర్చోవడానికి వారికి చోటు దొరికింది, పడుకున్నవాడికి దొరకలేదు. ఈ రోజు తిరుపతి వంటి పట్టణంలో ఎన్నో సంఘాలు అద్దె మేడల మీద, రెండో అంతస్తులో, మూడో అంతస్తులో కూడుకుంటున్నాయి. స్థలాల ధరలు అలా ఉన్నాయి కాబట్టి దీన్ని ఎవరి నిర్లక్ష్యంగానూ చూడనక్కరలేదు. కానీ ఇరుకు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని మలుపు, పైన వరస కుర్చీలు ఉన్న మందిరంలోకి చక్రాల కుర్చీ మనిషి ఎలా వస్తాడు? రాలేక అతడు మానేస్తాడు. కొన్నాళ్లకు అతని పేరు ప్రార్థన అంశాల చీటీలో మాత్రమే మిగులుతుంది, ఆ తర్వాత ఆ చీటీ కూడా మారిపోతుంది. అతణ్ణి ఎత్తుకుని మెట్లెక్కించడానికి నలుగురు యువకులు ప్రతి ఆదివారం ఒక అరగంట ముందు వెళితే చాలు. సొంత మందిరం కట్టుకునే సంఘం ముందు మెట్ల పక్కన ఒక వాలుబాట వేయించడానికి అయ్యే ఖర్చు, వేదిక వెనక అలంకరణకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు. కపెర్నహూములో కప్పు పోయినా ఫరవాలేదనుకున్నవారి కథను ప్రకటించే చోట ఈ మాత్రం అడగడం అత్యాశ కాదు.

రోగి దిగగానే యేసు అన్న మాట అందరినీ నివ్వెరపరచింది. “కుమారుడా, నీ పాపములు క్షమింపబడియున్నవి” అన్నాడు. మోసుకొచ్చినవారు అడిగినది ఇది కాదు. ఈ మాటను ఆధారం చేసుకుని, పక్షవాతం పాపానికి శిక్ష అని చెప్పే ప్రసంగాలు తరచూ వినిపిస్తాయి, ముఖ్యంగా తాగుడు అలవాటున్న మనిషికి జబ్బు చేసినప్పుడు. మార్కు కథలో అతని ఫలానా పాపం వల్ల ఈ రోగం వచ్చిందన్న మాట లేదు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపి, పాపం చేసింది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు, ఇద్దరూ కాదని యేసు సూటిగా చెప్పాడు. ఇక్కడ ముందుగా క్షమాపణ ప్రకటించడంలో వేరొక దయ కనిపిస్తుంది. రోగం అంటే పాపఫలమని నమ్మే సమాజంలో ఏళ్ల తరబడి పడుకున్నవాడు చుట్టూ ఉన్నవారి చూపుల్లో తన నేరాన్ని చదువుకుంటూనే ఉండి ఉంటాడు. కాళ్లకు బలం రాకముందే, అందరూ వింటుండగా, అతణ్ణి “కుమారుడా” అని పిలిచి ఆ నేరాన్ని కొట్టివేయడం అతనికి ఎంత ఊరట అయి ఉంటుందో మంచాన పడ్డవారికి తెలుస్తుంది.

ఇది దేవదూషణ అని శాస్త్రులు మనసులో అనుకున్న అభ్యంతరం కూడా తేలికగా తీసివేయదగినది కాదు. దేవుడొక్కడే పాపాలు క్షమించగలడన్న వారి సిద్ధాంతం సరైనదే. యేసు దాన్ని ఖండించలేదు. “నీ పాపములు క్షమింపబడియున్నవని చెప్పుట సులభమా? నీవు లేచి నీ పరుపెత్తికొని నడువుమని చెప్పుట సులభమా?” అని అడిగాడు. క్షమించానని ఎవరైనా అనవచ్చు, జరిగిందో లేదో కంటితో చూసి తేల్చలేము. లేచి నడవమంటే మాత్రం మరుక్షణంలో తేలిపోతుంది. కంటికి కనబడని అధికారానికి కనబడే దాన్ని రుజువుగా నిలబెట్టాడు. అయితే సులభం అన్న మాట లోతు ఈ ఇంట్లో పూర్తిగా తెలియదు. ఇక్కడ శాస్త్రులు మనసులో అనుకున్న దేవదూషణ అనే ఆరోపణే 14వ అధ్యాయంలో ప్రధాన యాజకుని నోట బయటికి వచ్చి, ఆయనకు మరణశిక్షగా మారుతుంది. పడకను ఎత్తుకోమని చెప్పడానికి ఆయనకు పట్టినది ఒక్క క్షణం. పాపములు క్షమింపబడియున్నవని చెప్పినందుకు మాత్రం సిలువ దాకా నడవవలసి వచ్చింది. స్వస్థత కూటాల్లో లేచి నడిచినవారి సాక్ష్యాలకే చప్పట్లు మోగి, క్షమాపణ పొందిన సాక్ష్యం చప్పగా వినిపించే అలవాటు సంఘంలో పాతుకుపోతే, ఈ కథ చూపిన కొలతను తలకిందులు చేసినట్టే అవుతుంది.

ప్రార్థననూ వైద్యాన్నీ పోటీకి నిలబెట్టే అలవాటు గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే పక్షవాతం విషయంలో ఈ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. మూతి వంకరపోవడం, ఒక చేయి పైకి ఎత్తలేకపోవడం, మాట తడబడడం కనిపించిన వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. మెదడులో రక్తనాళం గడ్డ వల్ల మూసుకుపోయినట్టు పరీక్షలో తేలితే, గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా 4.5 గంటల లోపే ఇస్తారు. ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఆ గంటలను నూనె కోసం, పసరు మందు కోసం, ఫలానా దైవజనుడు వచ్చేదాకా ఎదురుచూడడం కోసం ఖర్చు చేయడం విశ్వాసానికి గుర్తు కాదు. ఆంబులెన్సు వెనక కూర్చుని ప్రార్థించవచ్చు, దేవుడు అక్కడా వింటాడు. కొలొస్సయులకు రాసిన పత్రికలో లూకాను “ప్రియుడైన వైద్యుడు” అని పౌలు పిలిచాడు, ఆ వృత్తిని విడిచిపెట్టమని చెప్పినట్టు ఎక్కడా లేదు.

ఈ ప్రాంతపు క్రైస్తవులకు ఇది చరిత్ర చెప్పిన పాఠం కూడా. క్షయకు మందు లేని కాలంలో, 1915లో, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర మిషనరీ సంఘాలు కలిసి క్షయ రోగుల కోసం ఒక శానిటోరియం తెరిచాయి. ఆ చోటికి ఆరోగ్యవరం అన్న పేరు నిలిచిపోయింది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రిని 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టారు. ఆ సంస్థ తన ధ్యేయవాక్యాన్ని మార్కు సువార్తలోంచే, “పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకు” అన్న 10వ అధ్యాయపు మాటలోంచే తీసుకుంది. పాకాల మీదుగా కాట్పాడి వెళ్లే రైల్లో ఏ రోజు చూసినా, ఫైలు సంచిని ఒళ్లో పెట్టుకుని రోగి పక్కన కూర్చున్న బంధువులు కనబడతారు. ఒకరు మంచినీళ్ల సీసా పట్టుకుంటారు, ఒకరు తల ఆనించుకోవడానికి భుజం ఇస్తారు, ఒకరు కూలి మానుకుని వచ్చి ఉంటారు. కపెర్నహూముకు వచ్చిన నలుగురికీ వీరికీ మధ్య ఉన్న దూరం, బైబిలును చంకలో పెట్టుకుని వీధిలో నడిచే కొందరికీ ఆ నలుగురికీ మధ్య ఉన్న దూరం కంటే తక్కువ.

అయితే మోసుకెళ్లిన ప్రతివాడూ లేచి నడవడు. ఈ సంగతిని దాచి స్వస్థత గురించి బోధించడం రోగికి చేసే అన్యాయం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో పౌలు శరీరానికి తగిలిన చేతి గుడ్డలు తెచ్చినా రోగాలు పోయాయి. అదే పౌలు 2 తిమోతి 4వ అధ్యాయంలో త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు, త్రోఫిముకు విశ్వాసం లేదని రాయలేదు. వేలూరు సీఎంసీలోనే డాక్టరుగా పనిచేస్తున్న మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదానికి గురై, నడుము కింది భాగం చచ్చుబడి మళ్లీ నడవలేకపోయారు. ఆమె కోసం ప్రార్థించినవారికి కొదవ ఉండి ఉండదు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, ఆపైన పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చారు, 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రానికి వెన్నెముకగా నిలిచారు. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. పక్షవాయువు రోగితో యేసు “నీ పరుపెత్తికొని” అన్న మాటను ఆమె జీవితం పక్కన పెట్టి చదివితే, తనను మోసిన పడకను తాను మోయడమంటే ఏమిటో ఇంకొక తీరున అర్థమవుతుంది. గ్రీకులో మార్కు వాడిన మాట బీదవాడి చాపవంటి పడకకు పేరు, తెలుగు “పరుపు” అనగానే తోచే దూది పరుపు కాదు. చుట్టి చంకన పెట్టుకోదగినదే అది.

నడవలేని మనిషిని మోయడం ఒక్క రోజు పని కూడా కాదు. కదలలేని రోగిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. రాత్రిళ్లు కూడా ఇది తప్పదు. తిప్పే మనిషి సాధారణంగా ఒక్కరే, భార్యో కూతురో కోడలో. ఆరు నెలలకు ఆమెకే నడుము నొప్పి మొదలవుతుంది. ఆ ఇంటికి సంఘం నుంచి పదిమంది వచ్చి గంటసేపు పాటలు పాడి వెళ్లడం మంచిదే. వారిలో ఇద్దరు వారానికొక రాత్రి అక్కడ పడుకుని ఆ ఇల్లాలిని నిద్రపోనిస్తే, ఆ కుటుంబానికి సువార్త ఇంకా దగ్గరగా వినబడుతుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టుకు స్లాట్ బుక్ చేసి రోగిని ఆటోలో తీసుకెళ్లడం, పింఛను దరఖాస్తు కోసం సచివాలయం చుట్టూ తిరగడం, ఫిజియోథెరపీ చేసేవారు నేర్పిన కసరత్తులను ఓపికగా రోజూ చేయించడం, రాలేనివారికి ప్రభు బల్ల రొట్టెను, ద్రాక్షారసాన్ని ఇంటికి తీసుకెళ్లడం కూడా మోతలో భాగాలే. “ఒకని భారముల నొకడు భరించి” అని గలతీయులకు రాసిన మాటలో భారం అన్నది ఉపమానంగానే మిగిలిపోనక్కరలేదు. దానికి అరవై కిలోలో డెబ్బై కిలోలో బరువు ఉంటుంది, దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుంటే తెలుస్తుంది.

కథ చివర ఆ మనిషి “వారందరియెదుట” నడిచిపోయాడని మార్కు రాశాడు. వచ్చేటప్పుడు సందివ్వని గుంపులోంచే అతడు వాకిలి గుండా బయటికి వెళ్లాడు. యేసు అతణ్ణి తన వెంట రమ్మనలేదు, ఇంటికి పొమ్మన్నాడు. అన్నాళ్లూ అతణ్ణి చూసుకున్నవారు ఉన్నది అక్కడే. నలుగురి పేర్లు ఎక్కడా లేవు, వారిని మెచ్చుకున్నట్టు కూడా సువార్తలో లేదు. విప్పిన కప్పును మళ్లీ ఎవరు వేశారో మార్కు చెప్పలేదు, వానాకాలం వచ్చేలోగా ఎవరో ఒకరు దూలాల మీద మళ్లీ మన్ను మెత్తే ఉంటారు.